ఎస్తేరు సున్నా

ఇంట్లో మొగుడూ కూతురూ తన వెనకాల ఏదో మాట్లాడుకుంటున్నారని ఎస్తేరుకి ఆ వానాకాలమంతా అనుమానంగానే ఉంది. వంటింట్లో నిలబడితే హాల్లోంచి మాటలు వస్తున్నట్టే ఉంటాయి, ఒక్క ముక్కా చిక్కదు. ఆమె గుమ్మంలోకి రాగానే రత్నాకర్ పేపరు తిరగేస్తాడు, పదకొండేళ్ల మిరియం పుస్తకంలో తల దూర్చేస్తుంది. ఏంటి సంగతని అడిగితే, ఏం లేదని ఇద్దరూ ఒక్కసారే అంటారు. ఒక్కసారే అన్నారంటే ముందే అనుకుని ఉంటారు కదా అని ఆమె లెక్క.

ఇల్లొక్కటే అయితే సరిపెట్టుకునేది. చేపల నూకాలమ్మ గుమ్మం ముందు గంప దించి ఏదో గొణిగి నవ్వుతుంది. ఏమన్నావని నిలదీస్తే "వంజరాలు తెచ్చానన్నానమ్మా" అంటుంది. వంజరాలు తెస్తే నవ్వెందుకు? చర్చిలో పాస్టరుగారు ప్రసంగంలో సగం మాటలు నోట్లోనే మింగేస్తున్నారు. విశాఖపట్నం జనమంతా కూడబలుక్కుని తన దగ్గరే గొంతు తగ్గించేస్తున్నారా అని కూడా ఒకసారి ఆమెకి అనిపించింది. ఎస్తేరు చెవుల మీద మాత్రం ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు, ఆమెకి అసలే లేదు. ఆ చెవులే ఆమె ఉద్యోగం.

మధురవాడ అవతల కొండవాలులో చలపతిగారి ప్రయోగశాల ఉంది. ఎస్తేరు అక్కడ వినికిడి పరీక్షలు చేస్తుంది. అక్కడ పుట్టిన హెడ్‌ఫోను పేరు 'మితం'. అంతకుముందు పిల్లల చెవులు కాపాడతామంటూ వచ్చిన హెడ్‌ఫోన్లు అన్నీ ఒకటే పని చేసేవి. రబ్బరుతో చేసిన ఉత్తుత్తి చెవికి తగిలించి శబ్దం కొలిచి, ఇంతకు మించి పోదని ఒక అడ్డుకట్ట వేసేవి. పిల్లలు రెండురోజులు పెట్టుకుని, పాటలో ఊపు లేదని మూలన పడేసి, వాళ్ల నాన్న హెడ్‌ఫోను తీసుకుని చివరిదాకా పెంచుకునేవారు. చలపతిగారు వేరే దారి పట్టాడు. రబ్బరుకి బాధేం తెలుస్తుందయ్యా, ప్రాణమున్న చెవి కాపలా కాయాలి అన్నాడు. ఆరోగ్యంగా ఉన్న చెవి తను విన్న శబ్దానికి లోపల్నుంచి సన్నటి బదులు పలుకుతుంది. అలిసిపోతే ఆ బదులు తగ్గుతుంది. మంచి చెవి ఒకటి దొరికితే, దాని బదుళ్లు పట్టి, ఏ పాటలో ఏ వాయిద్యం ఎక్కడ చెవిని కరుస్తుందో హెడ్‌ఫోనుకి నేర్పొచ్చు. కరిచే చోట అణిచి, మిగతా పాట నిండుగా వదలొచ్చు.

ఆ మంచి చెవి ఎస్తేరుది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెని గాజుగదిలో కూర్చోబెట్టి పరీక్షిస్తే, మిషను పలికించగలిగిన అతి సన్నటి కూత కూడా పట్టేసింది. చలపతిగారు పొంగిపోయాడు. అప్పట్నుంచి ఆ ప్రయోగశాలలో సున్నా అంటే ఎస్తేరుకి వినపడటం మొదలయ్యే చోటు. అక్కణ్నుంచి మెట్టుకో డెసిబెల్ చొప్పున లెక్కపెట్టుకుని డెబ్భై అయిదు దగ్గర మితం ఆగిపోతుంది. బడుల్లో, బస్సుల్లో, ట్యూషన్లలో లక్షమంది పిల్లల నెత్తిన ఇప్పుడు మితం ఉంది, అన్నిట్లోనూ ఎస్తేరు చెవి కూర్చుని కాపలా కాస్తోంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకి గర్వంగా ఉండేది, ఉండదూ మరి.

గర్వంతో పాటు భయం కూడా ఉండేది. ఎవడో తెలివైనవాడు అమ్మకాలు పెరగాలని నాలుగు మెట్లు పైకి జరిపేస్తే? అందుకని ఆమే పట్టుబట్టి తాళం వేయించింది. సున్నా జరగాలంటే గాజుగదిలో ఆమె కూర్చోవాలి, మిషను ఆమె చెవిని వేలిముద్రలా గుర్తుపట్టాలి, ఆమె చేత్తో బొత్తాం నొక్కాలి. పాత సున్నాలు కూడా దాచొద్దంది. దాస్తే ఎవరో ఒకరు తవ్వి తీస్తారని ఆమె వాదన. చలపతిగారు నవ్వి, "నీ అనుమానం బంగారం కానూ, అలాగే చేద్దాం" అన్నాడు.

ఆ శనివారం సాయంత్రం మిరియం మితం తీసి బల్లమీద పెట్టి, వేలు చెవిలో పెట్టుకుని కెలుక్కుంటోంది.

"ఏంటే అది?"

మిరియం ఏదో అంది. ఎస్తేరు దగ్గరికి వచ్చి గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుంది. "నోరు తెరిచి చెప్పు."

"చెవిలో కీచురాయి దూరిందమ్మా. పాట ఆపేసినా అరుస్తూనే ఉంది."

"ఎప్పట్నుంచి?"

"చాలా రోజుల్నుంచి. రాత్రి పడుకుంటే పొద్దున్నకి పోతుంది, మళ్లీ వస్తుంది."

ఎస్తేరుకి అర్థమైపోయింది. చెవిలో కూత మిగిలిపోయిందంటే, మోయలేనంత శబ్దం మోసిందని చెవి చెప్పే మొదటి కబురు. లోపల సన్నటి నూగులాంటి కణాలు ఉంటాయి, అవి ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. ఊళ్లో తల్లులందరికీ ఆమె చెప్పే పాఠమే అది. పిల్ల రోజూ పాఠాలకీ పాటలకీ కలిపి అయిదారు గంటలు మితం పెట్టుకుంటుంది, పెట్టుకోనిచ్చింది తనే. మితంలో ఇలా జరగడానికి వీల్లేదు. జరిగిందంటే ఎవరో చెయ్యి పెట్టారు. ఎస్తేరు ఆ హెడ్‌ఫోను తన సంచిలో వేసుకుని, ఇక దాన్ని ముట్టుకోవద్దని పిల్లకి గట్టిగా చెప్పింది. రత్నాకర్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఏదో అనబోయి ఊరుకున్నాడు. అది కూడా ఆమె కనిపెట్టింది.

ప్రయోగశాలలో సోమవారం పొద్దున్న ఒక ఆచారం ఉంది. సున్నా చూసేటప్పుడు అందరూ చెప్పులు విప్పేస్తారు. ఏసీ ఆపేస్తారు, టీ గ్లాసులు కింద పెట్టేస్తారు, దగ్గు వచ్చినవాళ్లు మెట్ల దాకా వెళ్లి దగ్గి వస్తారు. ఎస్తేరు గాజుగదిలో చెవులకి తగిలించుకుని కూర్చుంటుంది. అవతల ఇంజినీరు పైడిరాజు మిషను దగ్గర నిలబడి సన్నటి కూత వదులుతాడు. ఆమె బొత్తాం నొక్కితే సరే. నొక్కకపోతే మిషను నీరసించిందని అర్థం. పైడిరాజు చిన్న స్క్రూ తిప్పి కూతని కొంచెం లేపుతాడు. ఆమె నొక్కేదాకా తిప్పి, అక్కడ సున్నా అని గుర్తు పెడతాడు. మిషను తప్పొచ్చు గానీ ఎస్తేరు తప్పదని అక్కడ అందరి నమ్మకం. ఆ సాయంత్రానికల్లా లక్ష హెడ్‌ఫోన్లూ ఆ కొత్త సున్నాని అందుకుంటాయి.

ఆ సోమవారం ఆమె కూర్చుంది. కూత రాలేదు. పైడిరాజు స్క్రూ తిప్పాడు. రాలేదు. మళ్లీ తిప్పాడు. గాజు అవతల అతను చలపతిగారి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అనడం, ఆయన తల అడ్డంగా ఊపడం ఆమె కళ్లారా చూసింది. ఆ తర్వాత కూత వచ్చింది, నొక్కింది. బయటికి వచ్చేసరికి ఇద్దరూ చెరో పక్కకి తిరిగి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఏంటి పైడిరాజూ, సార్‌తో రహస్యాలు?"

"ఏటి లేదు మేడం. కేబులు మార్చాలేమో అనుకుంటన్నాం."

"కిందటి నెలే మార్చావుగా."

"మార్చినాను మేడం." అతను తల వంచుకుని మిషను మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయాక ఎస్తేరు స్టోరు గదిలో బీరువా తెరిచింది. మితం వచ్చాక ఎవరూ ముట్టని రబ్బరు చెవీ, దాని మీటరూ గుడ్డ కప్పుకుని అక్కడే ఉన్నాయి. మిరియం హెడ్‌ఫోను దానికి తగిలించి, పిల్ల వినే పాటే పెట్టింది. మితం తెర మీద డెబ్భై అయిదు అని ఉంది. రబ్బరు చెవి మీటరు తొంభై మూడు చూపించింది.

ఎస్తేరు బ్యాటరీలు మార్చి మళ్లీ చూసింది. అదే. తన సొంత హెడ్‌ఫోను తగిలించి చూసింది. అదీ అంతే. ఎనభై అయితే వారం మొత్తం మీద నలభై గంటలు చెవి ఓర్చుకుంటుంది. తొంభై దగ్గర వారానికి నాలుగు గంటలు దాటితేనే ప్రమాదం. పిల్ల వారంలో విన్న గంటలు వేళ్ల మీద లెక్కపెట్టింది, ముప్పై దాటాయి. అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తాళం ఎవరూ పగలగొట్టలేరు. కానీ తాళం పగలగొట్టకుండానే పని జరిపించొచ్చు కదా. కూత వదిలేది పైడిరాజు. స్క్రూ తిప్పేది పైడిరాజు. వారం వారం కూతని కావాలని తొక్కిపెట్టి, ఆమెకి వినపడకుండా చేసి, మిషను నీరసించిందని చెప్పి పైకి తిప్పుకుంటూ పోతే? శబ్దం పెరిగితే పిల్లలకి మరింత నచ్చుతుంది, చలపతిగారికి బడుల ఆర్డర్లు వస్తాయి. చెవి దగ్గర గుసగుసలకి ఇప్పుడు అర్థం దొరికింది. ఆమె మీటరుని గుడ్డలో చుట్టి తన సంచిలో పెట్టుకుంది. 

ఇంటికి వెళ్తే రత్నాకర్ బాల్కనీలో అటు తిరిగి ఫోను మాట్లాడుతున్నాడు. ఆమెని చూడగానే పెట్టేశాడు. రేవు ఆఫీసులో గుమాస్తా, పెళ్లయిన నాటి నుంచి ఒక్క అబద్ధం సరిగ్గా ఆడటం రాని మనిషి. ఎస్తేరు చేయి చాపింది. అతను ఫోను ఇచ్చేశాడు. పైడిరాజు పేరుంది. ఇవాళ్టిదే కాదు, అంతకుముందూ చాలాసార్లుంది.

"మా ఆఫీసు ఇంజినీరుతో మీకేం పని?"

"కోప్పడతావని చెప్పలేదు."

"కోపం వచ్చే పనే చేశారన్నమాట."

అతను నేల చూసుకుంటూ ఏదో అన్నాడు. ఆమెకి చెవి అన్న మాట ఒక్కటే అందింది.

"నా చెవుల మీద మీరూ వాడూ కలిసి బేరం పెట్టారా? నిజం చెప్పండి. నా పిల్ల చెవిలో కూత పెడుతోందండీ. అది తెలిసీ మీరు వాడితో చేతులు కలిపారా?"

రత్నాకర్ నోరు తెరుచుకుని చూశాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమెకి జాలి వేయలేదు, దొరికిపోయిన దొంగ మొహమే అనుకుంది. మిరియం తలుపు చాటునుంచి "నాన్న తప్పేం లేదమ్మా" అని అరిచింది. పిల్లని కూడా తనకి ఎదురు తిప్పేశారని ఎస్తేరుకి ఒళ్లు మండిపోయింది. ఆ వారమంతా ఇంట్లో ఎవరూ ఎవరితో సరిగ్గా మాట్లాడలేదు.

తర్వాతి సోమవారం మిరియంని బడి మాన్పించి తనతో తీసుకెళ్లింది. దొంగని చూపిస్తాను, కాస్త ముందే రండని చలపతిగారికి చెప్పి ఉంచింది. ఆమె పథకం తేలికైనది. ముందు పిల్ల చెవులు పరీక్షించి, ఎంత దెబ్బ తగిలిందో తేల్చాలి. అది ఒక చేత్తో, రబ్బరు చెవి మీటరు ఇంకో చేత్తో పట్టుకుని పైడిరాజు ఉద్యోగం ఊడగొట్టాలి. పిల్ల చెవులు పోయి ఉంటే ఉద్యోగం ఒక్కటే కాదు, వాణ్ణి జైలుకే పంపాలి.  దారి పొడవునా పిల్ల చేయి వదల్లేదు.

ప్రయోగశాలలో ఇంకా ఎవరూ లేరు. మిరియంని గాజుగదిలో కూర్చోబెట్టి చెవులకి తగిలించింది. "కూత వినపడితే చెయ్యెత్తు. వినపడకపోతే ఊరుకో. నన్ను సంతోషపెట్టాలని ఎత్తొద్దు." తను బయట మిషను దగ్గర కూర్చుని, కూత పోతోందో లేదో తెలియడానికి ఒక చిన్న గొట్టం తన చెవిలో పెట్టుకుంది. పరీక్ష చేసేవాళ్ల అలవాటు అది.

పెద్ద కూతతో మొదలుపెట్టి మెట్టు మెట్టుగా దించింది. ప్రతి మెట్టుకీ మిరియం చెయ్యెత్తుతోంది. సున్నా దాకా వచ్చింది. మిరియం ఎత్తింది. ఎస్తేరుకి ప్రాణం లేచి వచ్చింది. పిల్ల చెవులు నిలబడ్డాయి. దేవుడికి మనసులో దణ్ణం పెట్టుకుంది.

కానీ ఎస్తేరు ఎస్తేరే. పరీక్షలో అబద్ధమాడే పిల్లల్ని పట్టుకోవడానికి ఆమెకో పద్ధతి ఉంది. సున్నాకి కిందకి దించుతుంది. అక్కడ తనకే వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదు. అక్కడ చెయ్యెత్తిన పిల్ల ఉత్తినే ఎత్తుతున్నట్టు లెక్క. దించింది. గొట్టంలో ఏమీ లేదు.

మిరియం చెయ్యెత్తింది.

ఎస్తేరుకి ఉసూరుమనిపించింది. అయితే ఇందాకటివన్నీ కూడా ఉత్తివేనన్నమాట. గాజుగది తలుపు తెరిచి కసిరింది. "వినపడకుండా ఎత్తొద్దని చెప్పానా లేదా? ఎవరు నేర్పారు నీకు ఇలా చెయ్యమని? మీ నాన్నా?"

"వినపడిందమ్మా."

"నాకే వినపడలేదు, నీకెలా వినపడుతుందే?"

మిరియం ఒకసారి తల్లి మొహంలోకి చూసి, చూపు తిప్పేసుకుంది. ఆ చూపు తిప్పుకోవడం ఎస్తేరుకి నచ్చలేదు. సరే, దీని సంగతి తేలుద్దాం అనుకుని వెనక్కి వచ్చి, మీట పిల్లకి కనపడకుండా అట్ట అడ్డం పెట్టింది. ఇంకా కిందకి దించింది. మీట నొక్కినట్టు భుజం కదిపింది గానీ నొక్కలేదు. మిరియం కదల్లేదు. ఈసారి భుజం కదపకుండా నొక్కింది. మిరియం చెయ్యెత్తింది. నొక్కకుండా చాలాసేపు ఊరుకుంది. పిల్ల ఊరుకుంది. నొక్కింది. ఎత్తింది. గొట్టంలో చిన్న సడి కూడా లేదు. గొట్టం మార్చి రెండో చెవిలో పెట్టుకుంది. దాంట్లోనూ లేదు.

మరీ అడుక్కి, ఎస్తేరు సున్నాకి పదిహేను మెట్ల కిందకి వెళ్లాక పిల్ల తడబడటం మొదలుపెట్టింది.  వెనకాల ఎవరో ఉన్నారని తోచి తిరిగి చూసింది. పైడిరాజు గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఆమెకి తెలియలేదు. ఆమె గొట్టం తీసి అతని చేతిలో పెట్టి మీట నొక్కింది.

"నీకు వినపడుతోందా?"

అతను గొట్టం చెవిలో పెట్టుకుని విన్నాడు. తర్వాత ఆమెకి ఎదురుగా వచ్చి, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "వినపడతంది మేడం. మొన్న మీరు లేనప్పుడు కూడా పెట్టుకుని చూసినాను. మిషనే అనుకున్నాను ముందు. మూడుసార్లు కేబులు మార్చినాను. సార్‌కి చెప్తే, ఎస్తేరు చెవి తప్పదు, నువ్వే ఎక్కడో తప్పు చేస్తన్నావన్నారు. మీతో అనడానికి నాకు ధైర్యం చాల్లేదు. అందుకనే మీ ఆయనగారికి ఫోన్ చేసినాను, ఇంటి కాడ టీవీ గట్టిగా పెడతన్నారా అని."

ఎస్తేరు కూతురి వైపు తిరిగింది. మిరియం తలుపు దగ్గర నిలబడి ఉంది.

"నీకూ తెలుసా?"

మిరియం ఏడుపు ఆపుకుంటూ పెద్దగా చెప్పింది. "గట్టిగా మాట్లాడితే అరవకండంటావ్. మామూలుగా మాట్లాడితే గుసగుసలంటావ్. మేం ఎలా మాట్లాడాలమ్మా?"

 వానలు మొదలైన కొత్తలో తనకి పట్టిన జలుబు ఎస్తేరుకి గుర్తొచ్చింది. చెవులు దిబ్బడ వేసినా సోమవారం మానకుండా వచ్చి కూర్చుంది. కూత వినపడలేదు, స్క్రూ తిప్పించింది. ఆ వారమంతా కొత్త పాటల పరీక్షలని పొద్దస్తమానం మితం పెట్టుకునే ఉంది, తన చెవే కాపలా ఉందన్న ధీమాతో. జలుబు తగ్గేసరికి చెవి అలిసింది. అలిసిన చెవికి ఇంకో మెట్టు, ఆ మెట్టుతో ఇంకా అలుపు. ఏ దొంగా రాలేదు. తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుని, వారం వారం తనే తలుపు తీసింది. లక్షమంది పిల్లలు తనని నమ్ముకుని విన్నారు.

చలపతిగారు వచ్చి, దొంగ ఎక్కడమ్మా అంటూనే వాళ్ల మొహాలు చూసి ఆగిపోయాడు. ఎస్తేరే చెప్పింది. రబ్బరు చెవి మీటరు ఆయన ముందు పెట్టింది. ఆయన కుర్చీలో కూలబడి, కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ ఉండిపోయాడు.

చివరికి గొంతు పెంచి అన్నాడు. "తగ్గిద్దాం. వారానికో మెట్టు. ఒక్కసారిగా దించితే పిల్లలు విసిరికొట్టి, ఏ కాపలా లేని హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. అప్పుడు ఇంకా నష్టం."

"పద్దెనిమిది మెట్లండి. పద్దెనిమిది వారాల్లో ఎన్ని చెవులు పోతాయి?"

"పోనీ ఇవాళే దించు అంటావు. ఎలా దించుతావు? తాళం నీది. నీకు వినపడితేనే సున్నా జరుగుతుంది. పాత సున్నా ఒక్కటి కూడా నువ్వు దాచనివ్వలేదు. కొత్త చెవి పెట్టాలంటే తాళమే మళ్లీ కట్టాలి, దానికి నెలలు కావాలి." అంటూనే ఆయన చూపు మిషను తెర మీద మిరియం గీత మీదికి పోయింది. "ఎంత చెవమ్మా ఈ పిల్లది. ఇంత అలిసీ కూడా..."

"దాని జోలికి రాకండి సార్." ఎస్తేరు పిల్లని దగ్గరికి లాక్కుంది. "మనిషి చెవితో కొలవడం ఇక చాలు. ఆ రబ్బరు చెవికి జలుబు చెయ్యదు."

ఆమె పైడిరాజుని పిలిచింది. రబ్బరు చెవిని మిషనుకి తగిలించమంది. కూతని దించుకుంటూ పోయి, మీటరు మీద అసలు సున్నా ఎక్కడ ఉండాలో అక్కడికి తెచ్చి, చెయ్యెత్తమంది. తను బొత్తాం నొక్కుతుంది.

"మీకు వినపడదు కదా మేడం."

"నాకు వినపడిందని మిషను అనుకుంటే చాలు."

"అది అబద్ధం కాదామ్మా?" అంది మిరియం.

"అబద్ధమే," అంది ఎస్తేరు. "ఇన్నాళ్లూ నిజం చెప్పి చేసింది చాల్లే."

చలపతిగారు వద్దనలేదు. లేచి చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టాడు, వెళ్లి ఏసీ ఆపేశాడు. ఎస్తేరు గాజుగదిలోకి వెళ్లి తలుపు మూసుకుని, చెవులకి తగిలించుకుంది. మిషను ఆమె చెవిని గుర్తుపట్టిందని పచ్చదీపం వెలిగింది. మూసుకున్న గదిలో నిశ్శబ్దం ఇంతకుముందు ఆమెకి నిండుగా ఉండేది. తన ఊపిరీ, బట్టల సడీ, వాచీ ముల్లూ వినేది అక్కడ. ఇప్పుడు అవేవీ లేవు. ఇవి ఎప్పుడు పోయాయో కూడా తను గమనించలేదే అని ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని బొత్తాం మీద వేలు పెట్టింది.

గాజు అవతల పైడిరాజు మీటరు మీదికి వంగి స్క్రూ తిప్పుతున్నాడు. వాడి వేళ్ల వైపు, మొహం వైపు ఆమె మార్చి మార్చి చూసింది. వాడు ఎక్కువ దగ్గర ఆపినా, తక్కువ దగ్గర ఆపినా తనకి తెలిసే దారి లేదు. ఆ ఆలోచన రాగానే పాత అనుమానం లోపల్నుంచి పొడుచుకొచ్చింది, అంత తొందరగా పోయే రోగమా అది. నిన్నటిదాకా తను జైలుకి పంపాలనుకున్న మనిషి చేతిలో ఇప్పుడు తన పిల్ల చెవులూ, ముక్కూమొహం తెలియని లక్ష పిల్లల చెవులూ ఉన్నాయి.

పైడిరాజు తలెత్తి ఆమెని చూసి, చెయ్యెత్తాడు.

ఎస్తేరుకి ఏమీ వినపడలేదు. బొత్తాం నొక్కింది. తెర మీద సున్నా అని పడింది. వాడు రెండో చెవికి కూత పెట్టడానికి మళ్లీ మీటరు మీదికి వంగాడు. ఆమె వేలు బొత్తాం మీదే ఉంచి, వాడి చేతి కోసం చూస్తూ కూర్చుంది.